అడ్డుపుల్ల

ముద్దుపేరు ఇంట్లోవాళ్ళు పెడతారు. మారుపేరు మాత్రం లోకం పెడుతుంది, అదీ మనల్ని అడక్కుండా. ఆమెకు "అడ్డుపుల్ల" అని పేరు పెట్టినవాళ్ళలో సగంమంది ఆమెను కంప్యూటర్ తెరమీద తప్ప ఎదురుగా చూసినవాళ్ళు కూడా కాదు. అయినా ఆ పేరు ఎంత బాగా అతుక్కుపోయిందంటే, చివరికి తానే మెయిళ్ళ కింద సంతకానికి బదులు అదే రాసుకోవడం మొదలుపెట్టింది. తిట్టును నగలా పెట్టుకు తిరిగే మనిషిని ఎవరు మాత్రం ఏం చేయగలరు?

వాళ్ళందరూ కలిసి తయారుచేసేది ఒక ఫ్రేమ్‌వర్క్. వెబ్‌సైట్ కట్టుకునేవాడు ప్రతిసారీ మొదటినుంచి పునాది తవ్వుకోనక్కర్లేకుండా పునాదీ, గోడలూ, తలుపులూ ముందే సిద్ధంచేసి లోకానికి ఉచితంగా వదిలేసిన సరుకు అది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, చేసినందుకు పైసా రాదు. అందులో ఆమె చూసుకునేది మైగ్రేషన్ టూల్. వెబ్‌సైట్‌లోని సమాచారమంతా డేటాబేస్‌లో పట్టికలుగా ఉంటుంది. ప్రోగ్రాం మారినప్పుడల్లా ఆ పట్టికల రూపం కూడా మార్చాలి, లోపలున్న సమాచారం ఒక్క చుక్క ఒలక్కుండా. ఇంట్లో జనం కాపురం చేస్తుండగానే గోడ జరపడం లాంటి పని. గోడ జరిగిన సంగతి లోపల పడుకున్నవాడికి తెలియకూడదు. తెలిసిందంటే మేస్త్రీ ఓడిపోయినట్టే.

ఆమె టూల్‌కు ఒక అలవాటుంది. పట్టికలో పాత గడి ఒకటి మాయమై కొత్త గడి ఒకటి వచ్చిందనుకోండి. పాతదానికే పేరు మార్చారా, లేక పాతదాన్ని తీసిపారేసి దానితో సంబంధం లేని కొత్తది పెట్టారా? ప్రోగ్రాంను చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పేరు మాత్రమే మారితే పాత సమాచారమంతా కొత్త గడిలోకి రావాలి. అలా కాకపోతే ఒక్క ముక్క కూడా రాకూడదు. ఆమె టూల్ అక్కడ ఠక్కున ఆగి, "పేరు మార్చారా?" అని అడుగుతుంది. జవాబు చెబితే గానీ కదలదు. తొందరలో ఉన్నవాళ్ళకు అది ప్రతి పనికీ అడ్డుపుల్ల వేయడంలా తోచింది. పేరు అలా వచ్చింది.

ఇలా ఉండగా ఆ గుంపులోకి ఒకతను వచ్చిచేరాడు. పొద్దున ఇచ్చిన పనిని మధ్యాహ్నానికల్లా ముగించి, సాయంత్రానికి ఇంకో రెండు పనులు అడిగే రకం. అందరూ అతన్ని మెరుపు అనేవాళ్ళు. అతను ఏ ప్రశ్నా అడగని ఇంకో టూల్ రాసుకొచ్చాడు. పోయిన గడి, వచ్చిన గడి ఒకే రకానివైతే, అంటే రెండూ తేదీలో, రెండూ అంకెలో అయితే, అది పేరు మార్పేనని తనే తేల్చేసుకుని ముందుకు పోతుంది. చూసినవాళ్ళందరూ అహా అన్నారు. ఒక్కసారి నొక్కితే పని అయిపోతుంటే ఎవరికి చేదు?

ఫ్రేమ్‌వర్క్ మొదలుపెట్టిన పెద్దాయనకు గుబురు మీసాలూ, తక్కువ మాటలూ. ఆదివారం పొద్దున అందరూ వీడియోలో కలిసినప్పుడు రెండు టూళ్ళ గొడవ విని ఆయన ఒక్క ముక్కలో తేల్చాడు.

"ఒక ఒరలో రెండు కత్తులొద్దు. కొత్త వెర్షన్‌లో ఒక్కటే పద్ధతి ఉంటుంది. వచ్చే ఆదివారం చేతులెత్తించి చూద్దాం. ఎవరి పద్ధతి నిలబడితే ఆ భాగం ఇకనుంచి వాళ్ళ చేతిలో ఉంటుంది."

అడ్డుపుల్ల తెరమీద ఒక మూల తన టూల్‌ను తెరిచి చూసుకుంది. ఆ టూల్‌లో మొదటి వాక్యం ఆమె రాసింది. వాడినవాళ్ళు ఫలానాచోట విరిగిందని తిట్టినప్పుడల్లా ఉద్యోగానికి వెళ్ళేముందు కూర్చుని అతుకులు వేసింది ఆమె. ఇప్పుడు వారంలో అది పరాయిదైపోవచ్చు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని ఎవరో అననే అన్నారు కూడా. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు మోకాలికి దెబ్బతగిలి నలుగురిలో కుంటకుండా నడిచేవాడి నవ్వు.

ఆమె ఉండేది అన్నయ్యగారి మేడమీద. కింద రెండు గదుల్లోనూ, వెనక వసారాలోనూ వదినగారి పశువుల క్లినిక్. వదిన చెయ్యి పడితే కరిచే కుక్క కూడా కాసేపు ఆలోచిస్తుందని పేరు. నోరు మాత్రం ఆలోచించదు. ఆడపడుచు మేడ దిగివచ్చినప్పుడల్లా, "ఏమ్మా, జీతమూ సెలవులూ లేని ఉద్యోగం ఎంతవరకొచ్చింది?" అని అడిగేది. అలా అడుగుతూనే కాఫీ గ్లాసు చేతిలో పెట్టేది. క్లినిక్‌కు వచ్చే జంతువుల వివరాలు దాచే ప్రోగ్రాం ఆడపడుచు కట్టిందే, తమ ఫ్రేమ్‌వర్క్ మీదే.

ఆ వారం వదినకు రెండు మార్పులు కావలసివచ్చాయి. టీకాలన్నిటికీ విడిగా ఒక పేజీ పెట్టించుకుంది కాబట్టి "చివరి టీకా తేదీ" అనే పాత గడి ఇక అక్కర్లేదు. కొత్తగా "చనిపోయిన తేదీ" అనే గడి కావాలి. ఎందుకంటే చనిపోయిన కుక్కకు టీకా వేయించాలని గుర్తుచేస్తూ మెసేజ్ వెళితే, పాపం ఒకావిడ ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆ గడి నింపగానే వాళ్ళకి రెండు మంచిమాటలు కూడా వెళ్ళేలా చూడమ్మా. పెంచుకున్నవాళ్ళకి అది ఇంట్లో మనిషి పోయినట్టే," అంది వదిన.

అడ్డుపుల్ల ఆ రెండూ ప్రోగ్రాంలో రాసింది. డేటాబేస్‌ను మార్చడమే మిగిలింది. అప్పుడు ఆమెకు ఒక బుద్ధి పుట్టింది. ఆదివారం అతనితో వాదించాలంటే ముందు అతని టూల్‌ను నిజాయితీగా వాడిచూడాలి. చూడకుండా తిట్టడం తన వంశంలో లేదు. శనివారం పొద్దున క్లినిక్ డేటాబేస్‌కు అచ్చంగా ఒక నకలు తీసి, తన కంప్యూటర్‌లో పెట్టుకుని, మెరుపు టూల్‌ను దానిమీద నడిపింది. అసలుది చెక్కుచెదరదు. పాడైతే నకలే పాడవుతుంది.

టూల్ ఏమీ అడగలేదు. రెప్పపాటులో పని ముగించింది. నిజం చెప్పాలంటే ఆమెకు కాస్త ఈర్ష్య కూడా కలిగింది. కొత్త ప్రోగ్రాంను నకలు మీద నడవనిచ్చి, వచ్చాక చూద్దాంలే అని స్నానానికి వెళ్ళింది.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి కింద ఫోన్ మోగుతోంది. ఆగి మళ్ళీ మోగింది. తర్వాత రెండు ఫోన్లూ కలిసి మోగాయి. ఆ వెంటనే వదిన కేక మెట్లెక్కి వచ్చింది.

"అమ్మాయ్! ఒకసారి కిందికి రా!"

కింద బేకరీ ఆవిడ బొద్దుపిల్లిని చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. రెండో చేతిలో ఫోన్.

"డాక్టరుగారూ, ఇది చచ్చిపోయి నాలుగు నెలలైందంట, మీ క్లినిక్ నించే మెసేజొచ్చింది. మరి రోజూ నా కొట్లో వెన్న నాకేది ఎవరండీ?"

ఈలోగా ఒక రిటైర్డ్ జడ్జిగారు ఫోన్‌లో తీర్పు చదువుతున్నట్టు చెబుతున్నారు. "మీరు రాసిన తేదీన నా కుక్క మరణించలేదు. ఆ తేదీ తర్వాత అది నన్ను రెండుసార్లు కరిచింది. నా దగ్గర సాక్ష్యం ఉంది."

అడ్డుపుల్ల బేకరీ ఆవిడ ఫోన్‌లోని మెసేజ్ చదివింది. ఏం జరిగిందో ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది. పోయిన గడీ తేదీయే, వచ్చిన గడీ తేదీయే. మెరుపు టూల్ అది పేరు మార్పేనని తీర్మానించుకుంది. "చివరి టీకా తేదీ" కింద ఉన్న తేదీలన్నీ "చనిపోయిన తేదీ" కిందికి వచ్చి కూర్చున్నాయి. టీకా వేయించుకున్న పాపానికి క్లినిక్‌లోని జీవాలన్నీ ఆ తేదీలనే చనిపోయాయి. సరే, అదంతా నకలులోనే కదా! కానీ ఆమె నకలు మరీ అచ్చంగా తీసింది. మెసేజ్‌లు పంపే ఏర్పాటు కూడా తాళంచెవుల్లాంటి పాస్‌వర్డులతో సహా నకలులోకి వచ్చేసింది. దాన్ని ఆపాలన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. ఆమె స్నానం చేస్తున్నంతసేపూ నకలు కూర్చుని, గడి నిండిన ప్రతి జీవి తరఫునా సంతాపం తెలిపింది.

పైకి పరుగెత్తి మెసేజ్‌లు ఆపింది. మళ్ళీ కిందికి వచ్చేసరికి గేటు ముందు ఒక కారు మూడుసార్లు ఎగిరెగిరి ఆగింది. డ్రైవింగ్ నేర్పే మాస్టారి కారు అది. స్టీరింగ్ దగ్గర నేర్చుకుంటున్నావిడ బిగుసుకుపోయి కూర్చుని ఉంది. ఆవిడ ఇంజన్ ఆపేలోగానే మాస్టారు దిగి లోపలికి వచ్చేశాడు. బెల్టుకు చిక్కుకుని చొక్కా గుండీ తెగిపోయిందని ఆయన చూసుకోలేదు. ఆయన కుక్కకు నిన్న సాయంత్రమే ఆపరేషన్ అయింది. రాత్రి క్లినిక్‌లోనే ఉంచారు. మెసేజ్‌లోని తేదీ చూసే స్థితిలో ఆయన లేడు. తక్కినవాళ్ళకు కుక్క ఎదురుగా ఉంది కాబట్టి నవ్వారు, తిట్టారు. ఈయన మాత్రం నమ్మేశాడు.

"ఎక్కడుందండీ?" అన్నాడు.

వదిన ఆయన భుజం పట్టుకుని వెనక వసారాలోకి తీసుకువెళ్ళింది. కట్టుతో పడుకున్న కుక్క ఆయన అడుగుల చప్పుడుకే తోక ఆడించింది. లేవబోయి, లేవలేక, మళ్ళీ తోక ఆడించింది. మాస్టారు నేలమీద కూలబడ్డాడు. కుక్క మెడమీద చెయ్యివేసి అలాగే ఉండిపోయాడు.

గుమ్మంలో నిలబడ్డ అడ్డుపుల్ల రెండడుగులు ముందుకు వేసింది. "తప్పు నాదండీ. కంప్యూటర్‌లో ఒకటి సరిచూస్తూ మెసేజ్‌లు ఆపడం మర్చిపోయాను. మీరు ఏమన్నా పడతాను," అంది.

"బతికే ఉంది కదమ్మా. ఇంకేమంటాను?" అన్నాడు ఆయన తల తిప్పకుండానే. దాని చెవి నిమురుతూ మళ్ళీ అన్నాడు. "పిల్లలకి చెప్పేశాను. ఇద్దరూ ఒకటే ఏడుపు. ఇప్పుడెళ్ళి బతికే ఉందంటే ఊరుకోబెట్టడానికి చెబుతున్నాననుకుంటారు. నమ్మరు."

ఆ పూటంతా వదినా ఆడపడుచూ చెరో ఫోనూ పట్టుకుని అందరికీ క్షమాపణలు చెప్పుకున్నారు. చివరి ఫోన్ పెట్టేశాక వదిన నడుంమీద చేతులు వేసుకుంది.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ వరస! లోకానికంతటికీ జాగ్రత్తలు చెప్పేదానివి, నా కుక్కలన్నిటికీ దినం పెట్టేశావు కదే!"

"నిజమే వదినా."

"ఇంతకీ నీ టూలైతే ఏం చేసేది?"

అడ్డుపుల్ల ఇంకో నకలు తీసింది. ఈసారి మెసేజ్‌లు ఆపానా లేదా అని రెండుసార్లు చూసుకుంది. తన టూల్ నడిపి, తెరను వదినవైపు తిప్పింది. టూల్ ఎప్పటిలాగే మొండిగా ఆగిపోయి ఉంది. వదిన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"'చివరి టీకా తేదీ అనే గడి కనిపించడం లేదు. చనిపోయిన తేదీ అనే గడి కొత్తగా వచ్చింది. మొదటిదానికే ఈ పేరు పెట్టారా?'" చదివి ఒక్క క్షణం ఆగి, పొట్ట పట్టుకుని నవ్వింది. "కాదు తల్లీ, కాదు! పెట్టలేదు! నీకు దణ్ణం పెడతాను, ఆ పని చెయ్యకు!"

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "ఈ ఒక్క ముక్క అడగడానికేనా ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నావు?"

"అవును వదినా. ఈ ఒక్క ముక్క అడగడానికే," అంది అడ్డుపుల్ల. అనగానే ఆమె వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

అయితే రేపు ఏం చెప్పాలన్న చిక్కు ఒకటి మిగిలింది. నకలులో టీకాలన్నీ చావులైపోయాయని చెబితే చాలు, మెరుపు టూల్ కథ కంచికి వెళుతుంది. మెసేజ్‌ల సంగతి ఎత్తనక్కర్లేదు. ఎత్తితే కడుపు చించుకుని కాళ్ళమీద వేసుకోవడమే. ఇంత చిన్న సంగతి మర్చిపోయిన మనిషికి ఇలాంటి భాగం అప్పగించాలా అని అడిగేవాళ్ళు ఉంటారు, అడగడం న్యాయం కూడా. కానీ మెసేజ్‌లు తీసేస్తే మిగిలేది పట్టికలో రెండు తేదీలు. మాస్టారు ఉండడు. ఆయన పిల్లలు ఉండరు. తను ఇన్నాళ్ళూ దేనికోసం పోట్లాడుతోందో అదే ఉండదు. అలా సగం కోసుకుని గెలిచే గెలుపు ఆమెకు రుచించలేదు.

ఆదివారం అందరూ తెరమీదికి వచ్చారు. క్లినిక్‌కు సెలవు కాబట్టి వదిన కూడా మేడెక్కి, కెమెరాకు కనబడకుండా గోడవారగా కుర్చీ వేసుకుంది. అడ్డుపుల్ల జరిగింది జరిగినట్టు చెప్పింది. జడ్జిగారి సాక్ష్యం దగ్గర అందరూ పడి పడి నవ్వారు. మాస్టారు దగ్గరకు వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

ముందు నోరు విప్పింది మెరుపు. "అక్కా, మెసేజ్‌లు ఆపకపోవడం నీ తప్పు కదా. నా టూల్‌ది కాదు కదా."

"నాదే నాయనా. పంపింది నేనే. చనిపోయాయని రాసింది మాత్రం నీ టూల్."

"షరతులు ఇంకా బిగిస్తాను. పేర్లు కూడా పోల్చి చూసేలా చేస్తాను. నూటికి ఒక్కసారి తప్పితే తప్పొచ్చు, అంతే."

"నా భయం అదే. సగంసార్లు తప్పే టూల్‌ని ఎవడూ నమ్మడు, పక్కన కాపలా కూర్చుంటాడు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పేదాన్ని నమ్మి స్నానానికెళ్ళిపోతాడు. నిన్న నేను వెళ్ళలేదూ? నీ ఊహ బాగుంది, నేను కాదనను. దాన్ని నా ప్రశ్న పక్కన పెట్టు. 'ఇది పేరు మార్పని నాకు తోస్తోంది, నిజమేనా?' అని అడగనివ్వు. చూసినవాడు ఒక్క అక్షరం నొక్కుతాడు. అవునో కాదో చెప్పేది మాత్రం మనిషే. ఆ కుక్క మనది కాదు, తేదీలు మనవి కావు."

పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. ఆమె ఎదురుచూస్తున్న ప్రశ్న వచ్చేసింది.

"అదంతా సరేనమ్మా. మెసేజ్‌లు ఆపడం మర్చిపోయావు. మర్చిపోయే మనిషి చేతిలో ఈ భాగం ఎలా పెట్టమంటావు?"

గోడవారగా కూర్చున్న వదిన కుర్చీ అంచుకు జరిగింది. అడ్డుపుల్ల తల దించుకోలేదు.

"మర్చిపోయే మనిషి చేతిలోనే పెట్టండి. తను మర్చిపోననుకునేవాడు అడిగే టూల్ ఎందుకు రాస్తాడు? నేను మర్చిపోతానని నాకు తెలుసు. ఇది వాడే ప్రతివాడూ ఏదో ఒకరోజు మర్చిపోతాడనీ తెలుసు. అది తెలుసు కాబట్టే నా టూల్ ఆగుతుంది. అలా ఆగేదాన్ని నేను రాశాను. బాగా రాశాను."

తన పనిని తానే బాగుందనడం ఆ గుంపులో ఎవరికీ అలవాటు లేదు. ఎంత గొప్పపని చేసినా, ఏదో చిన్న సవరణ అంటూ గొణగడం వాళ్ళ మర్యాద. ఆమె ఆ మర్యాదను అలా పక్కకు నెట్టేసి కూర్చుంది.

"చేతులెత్తండి. అడిగే టూలే ఉండాలనేవాళ్ళు," అన్నాడు పెద్దాయన.

తెరమీద ఒక చెయ్యి లేచింది. పక్కన ఇంకొకటి, కింద ఇంకొకటి. నిన్నటిదాకా ఉలిపికట్టె అన్నవాళ్ళవే ఆ చేతులు. మెరుపు చెయ్యి మాత్రం లేవలేదు. అతను దేన్నో చూస్తున్నట్టు కళ్ళు దించుకుని ఉన్నాడు.

"అక్కా, ఆ మాస్టారి పిల్లలు నమ్మారా?" అన్నాడు ఉన్నట్టుండి.

"నమ్మలేదట. వాళ్ళని క్లినిక్‌కి తీసుకొచ్చి, వాళ్ళ చేతుల్ని దాని ముక్కు దగ్గర పెడితే, అది నాలుకతో నాకాక గానీ నమ్మలేదు."

మెరుపు తలూపాడు. చెయ్యెత్తాడు. సగం సగంగా కాదు, తెరలోంచి వేళ్ళు బయటికిపోయేంతగా ఎత్తాడు. "అడిగే మాటలు నేను రాస్తానక్కా. నీవి కొంచెం పంతులమ్మ మాటల్లా ఉన్నాయి," అన్నాడు. అందరితోపాటు అడ్డుపుల్లా నవ్వింది. అతను రాస్తే తనకంటే బాగా రాస్తాడని ఆమెకు తెలుసు.

పెద్దాయన చేతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆమె కూడా తన చెయ్యి ఎత్తింది.

"నీ పనికి నువ్వే ఓటేసుకుంటావా అమ్మా?" అన్నాడు ఆయన మీసాల్లోంచి నవ్వుతూ.

"వేసుకుంటానండీ," అంది ఆమె.

గోడవారనుంచి వదిన, ఓటు లేకపోయినా, కుర్చీలోంచి లేచి మరీ రెండు చేతులూ ఎత్తింది. లెక్క అయిపోయింది, ఇక దించమని పెద్దాయన చెప్పేదాకా అడ్డుపుల్ల తన చెయ్యి దించలేదు.